ఉంగరం మీద ఉంగరం: మహిమకి ధర కట్టినవాళ్ళ కథ

రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ పోయే రోడ్డు మీద పదిహేను కిలోమీటర్ల లోపే సిల్తారా వస్తుంది. పొద్దున తొడుక్కున్న తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకి తిరిగే చోటు అది. స్పాంజ్ ఐరన్ కిల్న్‌లు, రోలింగ్ మిల్లులు, బొగ్గు లారీలు. అక్కడి ఒక ఫ్యాక్టరీలో కొన్నేళ్ళు మెయింటెనెన్స్ షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా పనిచేశాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు మా షిఫ్టులో కొందరుండేవారు.

వాళ్ళలో ఒక ఫిట్టర్ మంచి పనిమంతుడు. బేరింగు చప్పుడు విని రోగం చెప్పగలడు. అతని చేతులకి నాలుగు ఉంగరాలుండేవి. పగడం అప్పులు తీరడానికి, కనకపుష్యరాగం పిల్లల చదువుకి, నీలం శనిదోషానికి. నాలుగోది నల్లగుర్రం నాడాతో చేశామని చెప్పి అమ్మిన ఇనప ఉంగరం. ఇవికాక మెడలో తాయెత్తు. నాకు బాగా గుర్తున్నది ఆ ఇనప ఉంగరమే. టన్నుల లెక్కన ఇనుము తయారయ్యే చోట పనిచేస్తూ అతను గ్రాముల లెక్కన ఇనుము కొన్నాడు. మామూలు ఇనుముకీ ఆ ఇనుముకీ మధ్య ఉన్న ధర తేడాకి పేరే మహిమ.

నేను హేతువాదిని. అతన్ని చూసినప్పుడల్లా ఓ మాట విసిరేవాణ్ణి. "ఏం తమ్ముడూ, ఇంకా ఆరు వేళ్ళు ఖాళీగా ఉన్నాయే?" అందరూ నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. కొన్నాళ్ళకి నేను కనిపించగానే గ్లవ్స్ తొడుక్కోవడం మొదలుపెట్టాడు. నా మాటలు పనిచేస్తున్నాయనుకున్నాను. అతను ఉంగరాలు తీయలేదు, నాకు కనబడకుండా దాచాడు. అంతే.

ఒక రాత్రి షిఫ్టులో కూలర్ పక్క ప్లాట్‌ఫారం మీద నుంచి దిగుతూ చివరి మెట్టు తప్పించి కిందకి దూకాడు. గ్లవ్ లేని చేతి ఉంగరం రెయిలింగు బోల్టుకి తగులుకుంది. మనిషి కిందకొచ్చాడు, వేలు పైనే ఆగింది. ఆ తర్వాత జరిగింది వర్ణించను. ఉంగరం వేలు పోయింది. ఆ పని పర్మిట్ మీద సంతకం నాది.

ఆసుపత్రిలో అతన్ని చూడటానికి వెళ్ళినప్పుడు అతని భార్య చెప్పింది, ఆ రాళ్ళు ఇచ్చినాయన కూడా వచ్చి వెళ్ళాడట. "ప్రాణానికి రావలసిన గండం వేలితో పోయింది, రాయి కాపాడింది" అన్నాడట. పోయిన దానికి బదులు ఇంకో రాయి వేరే వేలికి పెట్టుకోవాలని ధర కూడా చెప్పాడట. పూర్వుల శాస్త్రం నువ్వు కాదంటావా అని ఆ తర్వాత ఎంతమందో నన్నడిగారు. అందుకే ఆ శాస్త్రంలోనే వెతకడం మొదలుపెట్టాను. ధర దేనికి? ఎవరు కట్టారు? రెండు ఉంగరాల మహిమ కలిస్తే ఎంత అవుతుంది?

మొదటి ధరల పట్టిక

మనదేశంలో రక్షరేకులు చాలా పాతవి. అథర్వవేదంలో "మణి" అనే మాట ఎక్కువగా తాయెత్తు అర్థంలోనే వస్తుంది. జంగిడమణి, శంఖమణి, దర్భమణి వంటివాటిని కట్టుకుంటూ చదవవలసిన సూక్తాలున్నాయి. వీటిలో కొన్ని చెట్టుముక్కలు, గడ్డిపోచలు. ఎవరి పెరట్లోనైనా దొరికేవే. అక్కడ మహిమ ఉంది, ధరల పట్టిక లేదు.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో, రెండో అధికరణంలో, రాజుగారి ఖజానాకి వచ్చే రత్నాల పరీక్ష ఉంది. ఎక్కడ పుట్టింది, ఏ రంగు, ఏ ఆకారం, ఏ లోపం అన్న దృష్టితో చూస్తాడు. ఖజానా అధికారికి కావలసింది సరుకు విలువ.

ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడి బృహత్సంహితకి వచ్చేసరికి ఈ రెండు దారులూ ఒకచోట కలిసి కనిపిస్తాయి. శుభరత్నం వల్ల రాజుకి మేలు, అశుభరత్నం వల్ల కీడు, కాబట్టి నిపుణులు పరీక్షించాలి అని వజ్రపరీక్ష మొదలుపెడతాడు. ఆ వెంటనే ధరలూ చెబుతాడు. ఎనిమిది తెల్లావాలు ఒక బియ్యపుగింజ ఎత్తు. 20 గింజల ఎత్తు వజ్రం ధర 2 లక్షలు. బరువు రెండేసి గింజలు తగ్గుతూ పోతే ధర ఎంతెంత తగ్గుతుందో వరసగా ఇస్తాడు. 14 గింజలకి సగం, 10 గింజలకి అయిదో వంతు, 2 గింజలకి వెయ్యో వంతు. అంటే బరువు పదో వంతుకి తగ్గితే ధర 2 లక్షల నుంచి 200కి పడిపోతుంది.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. బరువుకి అంకె ఉంది, ధరకి అంకె ఉంది. మేలుకి మాత్రం అంకె లేదు. 20 గింజల వజ్రం 10 గింజల వజ్రానికి అయిదు రెట్ల ధర పలుకుతుంది. అయిదు రెట్ల అదృష్టం తెస్తుందా? ఆ ప్రశ్న పుస్తకం వేయదు. పైగా మినహాయింపులు అప్పుడే మొదలయ్యాయి. కొడుకులు కావాలనుకునే స్త్రీలు వజ్రం పెట్టుకోకూడదని కొందరంటారని చెప్పి, ఫలానా ఆకారాల్లో ఉన్నదైతే మంచిదేనని ఒక సందు వదిలాడు.

వజ్రాలు దొరికే చోట్ల జాబితాలో ఆయన కళింగంతో పాటు కోసలని కూడా చెప్పాడు. ఆ కోసల దక్షిణ కోసల, అంటే ఈనాటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతం అని పండితుల్లో ఒక అభిప్రాయం ఉంది. గరియాబంద్ జిల్లా మైన్‌పూర్ దగ్గర వజ్రాలుండే కింబర్లైట్ శిల నిజంగానే ఉంది. 2012 దాకా అది రాయపూర్ జిల్లాలో భాగమే. వజ్రాల నేల మీద పుట్టినందువల్ల ఇక్కడివాళ్ళకి కలిగిన ప్రత్యేక యోగమేదీ నా కంటికి కనపడలేదు.

కొల్లూరులో వర్గం లెక్క

ధరల చరిత్రలో తర్వాతి మజిలీ మన కృష్ణా తీరం. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే గోల్కొండ రాజ్యానికి వచ్చి కొల్లూరు గనిని చూశాడు. ఆ కొల్లూరు తర్వాతి కాలంలో పులిచింతల జలాశయం ముంపులోకి పోయింది. 1676లో అచ్చయిన తన యాత్రల పుస్తకంలో ఆయన వజ్రానికి ధర కట్టే సూత్రం చెప్పాడు: బరువుని బరువుతో గుణించు, వచ్చినదాన్ని ఒక క్యారట్ ధరతో గుణించు. ఒక క్యారట్ రాయి 100 అయితే రెండు క్యారట్లది 400, అయిదు క్యారట్లది 2,500, పన్నెండు క్యారట్లది 14,400.

ఎందుకు వర్గం? పెద్దరాయి దొరకడం కష్టం కాబట్టి. రెండు చిన్నరాళ్ళు అతికించి ఒక పెద్దరాయి చెయ్యలేం కాబట్టి. ఇందులో మహిమ లేదు, అరుదు మాత్రమే ఉంది. వరాహమిహిరుడి పట్టికని దీని పక్కన పెట్టి చూడండి. 14 గింజలకి వర్గం లెక్కన నూటికి 49 వంతులు రావాలి, ఆయన సగం అన్నాడు. 10 గింజలకి నాలుగో వంతు రావాలి, ఆయన అయిదో వంతు అన్నాడు. వెయ్యేళ్ళ దూరంలో ఉన్న ఇద్దరూ పెద్దరాళ్ళ విషయంలో దాదాపు ఒకే మాట చెప్పారు. ఎందుకంటే ఇద్దరూ ఒకే బజారుని చూశారు. చిన్నరాళ్ళ దగ్గర మాత్రం వరాహమిహిరుడి ధర ఇంకా వేగంగా పడిపోతుంది.

అబద్ధమని ఒప్పుకున్న మాయ

ఇలా పాతపుస్తకాలు ముందేసుకుని కూర్చున్న రోజుల్లోనే మా అబ్బాయి ఒక సాయంత్రం కాలిక్యులేటర్‌తో కుస్తీ పడుతూ కనిపించాడు. స్నేహితులతో కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాడు. బల్ల చుట్టూ కూర్చుని, ఒకడు కథ నడుపుతుంటే మిగిలినవాళ్ళు వీరులుగా, మాంత్రికులుగా పాత్రలు వేస్తారు. ఏ పని ఫలించిందో పాచికలు తేలుస్తాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో తెచ్చిన ఆట ఇది. ఇందులో మాయకత్తులు, రక్షణ ఉంగరాలు, మంత్రం వేసిన అంగీలు కోకొల్లలు. 2000లో వచ్చిన మూడో కూర్పు వీటికి ధర కట్టడానికి సూత్రాలిచ్చింది. 2003లో వాటిని సవరించారు.

మావాడి పుస్తకం తీసి చూశాను. మాయకత్తు ధర: బోనస్‌ని బోనస్‌తో గుణించి 2,000తో గుణించాలి. +1 కత్తి 2,000 బంగారు నాణేలు, +2 అయితే 8,000, +3 అయితే 18,000, +5 అయితే 50,000. కవచానికి ఇందులో సగం. నాకు నవ్వొచ్చింది. కొల్లూరులో తావెర్నియే రాసుకున్న వర్గం లెక్కే ఇక్కడా ఉంది!

కారణం మాత్రం వేరు. ఆటలో +1 అంటే ఇరవై ముఖాల పాచిక మీద ఒక ముఖం, మామూలుగా నూటికి అయిదు వంతుల అవకాశం. కొద్ది డబ్బుతో ఎవడైనా +5 కొనేస్తే ఆట చెడిపోతుంది. అందుకని పైకి పోయే కొద్దీ ప్రతి మెట్టూ ఖరీదు చేశారు.

ఇంతకన్నా నన్ను ఆకట్టుకున్నది మాయల్ని ఒకదాని మీద ఒకటి పేర్చే నియమం. రెండు వస్తువులు ఒకే రకం బోనస్ ఇస్తే అవి కలవవు, పెద్దదే లెక్కలోకి వస్తుంది. +2 రక్షణ ఉంగరం ఉండగా +1 రక్షణ ఉంగరం కూడా పెట్టుకుంటే వచ్చేది +3 కాదు, +2 మాత్రమే. ఉంగరాలు రెండే పనిచేస్తాయి, మూడోది ఉత్త లోహం. ఒకే వస్తువులో సంబంధం లేని రెండు శక్తులు పెట్టాలంటే, 2003 సవరణ ప్రకారం, రెండో శక్తికి ఒకటిన్నర రెట్లు చెల్లించాలి. ఎందుకంటే రెండో వేలి జాగా అక్కడ మిగులుతోంది.

ఈ సూత్రాల్లో లొసుగులూ ఉన్నాయి. ఒక్క దెబ్బకి మాత్రం +20 ఇచ్చే చిన్న మంత్రం ఒకటుంది. దాన్ని ఎప్పటికీ ఉండేలా కత్తిలో బిగించి, మంత్రాల సూత్రం ప్రకారం ధర కడితే కొన్ని వేల నాణేలకే వచ్చేస్తుంది. +5 కత్తికే 50,000 అయితే +20కి ఇంత చౌకా? ఆటగాళ్ళు దీన్ని ఎప్పుడో పట్టేశారు. సూత్రాలు ఆధారం మాత్రమే, ఆట నడిపేవాడు ఫలితం చూసి ధర కట్టుకోవాలని పుస్తకమే చెబుతుంది.

ఆ లొసుగు ఎలా దొరికింది? +20 అనే అంకె కళ్ళముందుంది కాబట్టి. ఫలితానికి అంకె ఉంటేనే ధర తప్పని చెప్పగలం. ఫలితానికి అంకె లేకపోతే ఏ ధరా తప్పు కాదు. నేను వెతుకుతున్న సమాధానం నాకక్కడ దొరికింది. ఆటని కల్పించినవాళ్ళు మాయ అబద్ధమని ఒప్పుకునే నియమాలు రాశారు. అందుకే వాళ్ళ మాయకి హద్దులున్నాయి. బజారులో మాయ నిజమని చెప్పి అమ్ముతారు, దానికి ఏ హద్దూ లేదు.

తొమ్మిది రాళ్ళ తగాదా

హద్దుల్లేవంటే కొందరు ఒప్పుకోరు. "ఏ రాయి ఏ గ్రహానికో, ఏది దేనితో పడదో శాస్త్రం ఉంది కదా" అంటారు. సరే, చూద్దాం.

బృహత్సంహిత రత్నాధ్యాయాల్లో తొమ్మిది గ్రహాలకి తొమ్మిది రాళ్ళ పట్టిక లేదు. అక్కడ ఇరవైకి పైగా రత్నాల పేర్లున్నాయి. వజ్రాల ఆకారాలని బట్టి ఇంద్రుడు, యముడు, వరుణుడు లాంటి దేవతలని చెప్పాడు. సూర్యుడికి కెంపు, శనికి నీలం అనే జాబితా జాతక పారిజాతం లాంటి తర్వాతి గ్రంథాల్లో కనిపిస్తుంది. జ్యోతిషంలో అంత పేరున్న వరాహమిహిరుడు రత్నాల మీద ఇన్ని అధ్యాయాలు రాసి ఈ పట్టిక ఇవ్వలేదంటే ఏమనుకోవాలి?

ఇక పేర్పు సంగతి. సూర్యుడికీ శనికీ పడదు కనుక కెంపూ నీలమూ కలిపి పెట్టుకోకూడదంటారు. పెట్టుకుంటే ప్రమాదమట. అదే దుకాణంలో పక్క అద్దాలపెట్టెలో నవరత్నాల ఉంగరం ఉంటుంది. అందులో కెంపు మధ్యలో, నీలం దాని పక్కనే! రెండు రాళ్ళు వేరువేరుగా తగాదా పడతాయి, ఇంకో ఏడింటితో కలిస్తే రాజీ పడతాయి. కొనేవాడి జేబు ఎలా ఉంటే శాస్త్రం అలా మారుతుంది. ఇలాంటి నియమం ఆటలో పెడితే పదిహేనేళ్ళ కుర్రాడు కూడా లేచి అడుగుతాడు. యాభై ఏళ్ళ మనిషి దుకాణంలో అడగడు. ఎందుకంటే ఆటలో ఓడితే పోయేది కాగితం మీది వీరుడు. ఇక్కడ పిల్లల పెళ్ళిళ్ళు, అప్పులు, ప్రాణాలు.

చట్టం ఎంత దూరం వచ్చింది?

1954లో మందులు, మాయ చికిత్సల ప్రకటనల మీద కేంద్ర చట్టం వచ్చింది. తాయెత్తు, మంత్రం, కవచం అని పేర్లు పెట్టి మరీ నిర్వచించింది. అయితే అది ప్రకటనలకే పరిమితం. అదీ రోగాలు, శరీర ధర్మాల గురించి చెప్పుకునే మహిమలకే. "వ్యాపారం పెరుగుతుంది", "శని తొలగుతుంది" అని చెప్పి అమ్మే రాయి ఆ నిర్వచనంలో పడదు. 2013లో మహారాష్ట్ర తెచ్చిన చట్టం ఆధారంగా, 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, అతీతశక్తులున్నాయని చెప్పి యంత్రాల వంటి వస్తువులు అమ్మే టీవీ ప్రకటనలు చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. మంచి అడుగే. కానీ మా ఫిట్టర్ టీవీ చూసి కొనలేదు, ఎదురుగా కూర్చుని చెయ్యి చూసినవాడి దగ్గర కొన్నాడు.

ధైర్యం మాటేమిటి?

"మహిమ లేకపోయినా నమ్మకం ధైర్యమిస్తుంది కదా, దాన్నెందుకు పోగొట్టాలి?" అని మిత్రులే అడుగుతారు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉన్న మలినోవ్‌స్కీ, జాలర్లు ప్రశాంతమైన ఉప్పుకయ్యలో వేటకి మంత్రతంత్రాలు చెయ్యరనీ, ప్రమాదకరమైన నడిసముద్రానికి పోయేటప్పుడే చేస్తారనీ 1925 నాటి వ్యాసంలో రాశాడు. మా కిల్న్ దగ్గర పనీ నడిసముద్రమే. భయం ఉన్నచోటే తాయెత్తు ఉంటుంది.

2010లో జర్మనీ పరిశోధకులు, అదృష్టబంతి అని చెప్పి ఇస్తే గోల్ఫ్ బాగా ఆడారని ప్రకటించారు. 2014లో ఇంకొందరు అదే ప్రయోగం ఎక్కువమందితో చేస్తే ఆ ఫలితం రాలేదు. వచ్చిందనే అనుకుందాం. గోల్ఫ్ బంతి దగ్గర ధైర్యం మంచిదే. తిరిగే యంత్రం దగ్గర పనికొచ్చేది జాగ్రత్త. తిరుగుతున్న యంత్రం దగ్గర పనిచేసేవాడు ఒంటికి బిగుతైన బట్టలే వేసుకోవాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లో రాసినవాళ్ళు ధైర్యం గురించి ఆలోచించలేదు, యంత్రం దేన్ని పట్టుకుంటుందో ఆలోచించారు. ఉంగరం కూడా అలాంటిదే. దాని మహిమ ఎంతో ఎవరూ చెప్పలేదు, దాని ప్రమాదం ఎంతో మాత్రం డాక్టర్లు చెప్పగలరు.

నా తప్పు

చివరగా నా సంగతి. అమ్మినవాణ్ణి తిట్టడం తేలిక. అతను అబద్ధం చెప్పాడు, నేను ఎగతాళి చేశాను. ఆ ఫిట్టర్ మా ఇద్దరిలో తనని మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడినవాణ్ణే నమ్మాడు. ఉంగరాలు మూఢనమ్మకం అని వందసార్లు అన్న నేను, బోల్టుకి తగిలితే వేలు పోతుందని ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పలేదు. తీయకపోతే పర్మిట్ మీద సంతకం చెయ్యనని అనలేదు. నమ్మకం గురించి వాదించాను, వేలు గురించి వాదించలేదు.

కొన్ని నెలలకి అతను స్టోర్స్‌లో పనికి వచ్చాడు. ఎడమచేతికి మళ్ళీ మూడు ఉంగరాలు. ఈసారి నవ్వలేదు. టీ తాగుతూ అడిగాను.

"తమ్ముడూ, తీసెయ్యమని అనను. ఆయన్ని మూడు ప్రశ్నలడుగు. దీనివల్ల ఏది ఎంత మారుతుంది? ఎన్నాళ్ళలో? రెండు కలిపి పెట్టుకుంటే ఎంత? కాగితం మీద రాసి సంతకం పెట్టమను. మనం కొనే బేరింగుకే గ్యారంటీ కాగితం అడుగుతాం కదా."

చాలాసేపు మాట్లాడలేదు. "మీకేం సార్, నాకిద్దరు ఆడపిల్లలు" అన్నాడు చివరికి. నా దగ్గర జవాబు లేదు.

రెండు వారాల తర్వాత తనే వచ్చాడు. "అడిగాను సార్. అలా రాసిస్తే శక్తి పోతుందన్నాడు." ఇనప ఉంగరం వేలికి లేదు. ఏమైందని అడిగితే, "ఇనుము మన దగ్గరే ఉంది కదా సార్" అన్నాడు.

నీలం ఇంకా ఉంది. అది ఖరీదైనది, తీయడం కష్టం. ఎక్కువ పోసి కొన్నదాన్ని ఎక్కువ నమ్మాలనిపిస్తుంది. అతను దాన్ని ఎప్పుడు తీస్తాడో నాకు తెలియదు. పని చేసేటప్పుడు మాత్రం దారానికి కట్టి చొక్కా లోపల వేసుకుంటున్నాడు.